మోతిని విప్పని పూట

కుక్కలంటే వినీతకు భయమని ఆఫీసులో అందరూ అనుకునేవారు. కాలనీల్లో తనిఖీకి పోయినప్పుడు ఎవరింటి కుక్కైనా తోక ఊపుతూ దగ్గరికి వస్తే ఆమె పక్కకు తప్పుకునేది. మొరుగుతూ మీదికి వచ్చే కుక్కను చూసి మాత్రం ఒక్క అడుగు కూడా వెనక్కి వేసేది కాదు. ఆ తేడాను ఎవరూ గమనించలేదు. భయమనుకుంటే ఎవరూ ఏమీ అడగరు కాబట్టి ఆమె కూడా వాళ్ల మాటను దిద్దలేదు.

వినీత నిజామాబాద్ మున్సిపల్ ఆఫీసులో శానిటరీ ఇన్‌స్పెక్టర్. వయసు నలభై రెండు. భర్త మహేందర్ డిచ్‌పల్లి యూనివర్సిటీలో క్లర్కు. పిల్లలు లేరు. ఒకసారి మహేందర్ ఎవరో ఇస్తామన్నారని కుక్కపిల్లను తెస్తానంటే, ఆమె ఆ రోజంతా అన్నం తినలేదు. అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ ఏడాది శ్రావణంలో రెండు అర్జీలు ఒకేసారి ఆమె బల్ల మీదికి వచ్చాయి. కంఠేశ్వర్‌లో నీళ్ల ట్యాంకు వెనక పార్కు కోసం వదిలిన జాగ ఒకటి ఏళ్లుగా ఖాళీగా ఉంది. చుట్టూ ఇనుప జాలీ, ఒక గేటు, లోపల రెండు వేప చెట్లు, ఒక సిమెంటు బెంచీ తప్ప అక్కడేమీ లేదు. పొద్దున పూట అక్కడ తమ కుక్కలను గొలుసు విప్పి వదులుకోవడానికి అనుమతి ఇవ్వమని కాలనీలో ముప్పై మంది సంతకాలు పెట్టారు. ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వొద్దని ఇంకో నలభై మంది పెట్టారు.

"పది రోజులల్ల రిపోర్టు ఇయ్యమ్మా" అన్నాడు పై అధికారి. "ఇస్తే ఏం ప్రమాదం, ఇయ్యకపోతే ఏం ప్రమాదం, రెండూ రాయి. నువ్వు ఏది రాస్తే అదే చేద్దాం."

ఆ సాయంత్రమే వినీత జవాబు రాసేసింది. ప్రజల భద్రత దృష్ట్యా అనుమతి ఇవ్వడం తగదు అని ఒకే ఒక వాక్యం. సంతకం పెట్టబోయి ఆగింది. జాగను చూడకుండా రిపోర్టు రాయడం ఆమెకు అలవాటు లేదు. కాగితాన్ని సొరుగులో పెట్టి, మర్నాడు పొద్దున ఆరింటికి స్కూటీ మీద కంఠేశ్వర్ పోయింది.

అప్పటికే ఏడెనిమిది మంది కుక్కలతో అక్కడ ఉన్నారు. అనుమతి లేకపోయినా రోజూ వస్తున్నారన్నమాట. ఆమెను చూడగానే కొందరు గబగబా గొలుసులు తగిలించారు. వేప చెట్టు కింద సిమెంటు బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దావిడ మాత్రం కదల్లేదు.

"మున్సిపల్ ఆఫీసు నుంచి వచ్చినవా అమ్మా? దా, కూసో. నా పేరు అనసూయమ్మ. ముప్పై ఏండ్లు బడిల తెలుగు చెప్పిన. ఇది పింకి."

పింకి తెల్లటి పొమేరియన్. పిల్లికంటే కాస్త పెద్దది. ఆవిడ కాళ్ల చుట్టూ మూడుసార్లు తిరిగి, గడ్డిలోకి పోయి పొర్లింది.

"మూడో అంతస్తుల ఉంటం" అంది అనసూయమ్మ. "మా సారు పోయిన కాన్నుంచి నేను, ఇది, ఇద్దరమే. పొద్దంత బాల్కనీ జాలీలకెళ్లి కిందికి చూస్తది. చూసి చూసి మూలుగుతది. ఇక్కడికొచ్చిన ఈ గంటసేపే దానికి మూలుగుండదు. నాకు కూడ."

అదే సమయానికి ఒకాయన తన గోధుమరంగు ఊరకుక్క మెడ నుంచి గొలుసు తీశాడు. కుక్క ముందు నమ్మనట్టు అక్కడే నిలబడింది. తల విదిలించి చూసుకుంది. ఆ తర్వాత ఒక్కసారిగా పరుగు అందుకుంది. చెవులు వెనక్కి వాలిపోయాయి. జాలీ దాకా పోయి, మలుపు తిరిగి, ఇంకా వేగంగా వచ్చింది. దాన్ని పిలిచేవాళ్లు లేరు, తరిమేవాళ్లు లేరు. ఊరికే పరుగెత్తుతోంది.

వినీత కళ్లు తుడుచుకుంది. అలా పరుగెత్తే కుక్కను ఆమె ఒకదాన్ని ఎరుగును. బోధన్ అవతల తమ ఊళ్లో, నాయనకు నాలుగెకరాల చెరుకు తోట ఉన్న రోజుల్లో, మోతి ఆ తోటలో పరుగెత్తేది. మనిషికంటే ఎత్తు చెరుకులో కుక్క కనిపించేది కాదు. ఆకుల కదలికను బట్టి అది ఎక్కడుందో అన్న వేణు చెప్పేవాడు. "అగో, గా సాలుల ఉన్నది సూడు" అని వేలు పెట్టి చూపేవాడు. చూపిన చోటే మోతి బయటికి దూకేది. అన్న ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

"ఏమైందమ్మా?" అంది అనసూయమ్మ.

"ఏం లేదు టీచర్. దుమ్ము" అని వినీత నోటుపుస్తకం తీసింది. జాలీకి మూడు చోట్ల రంధ్రాలు, గేటుకు గొళ్లెం లేదు, ట్యాంకు పక్కన నీళ్ల నల్లా ఉంది అని రాసుకుంది.

గేటుకు ఎదురుగా నరేందర్ అనే అతని కిరాణా దుకాణం ఉంది. వద్దన్న అర్జీలో మొదటి సంతకం అతనిదే. వినీత అక్కడికి పోయేసరికి అతని ఐదేళ్ల కూతురు హర్షిణి దుకాణం మెట్ల మీద కూర్చుని పాలు తాగుతోంది.

"నాకు కుక్కల మీద కోపం లేదు మేడం" అన్నాడు నరేందర్. "కానీ నా బిడ్డ పొద్దున ఈ గల్లీలనే తిరుగుతది. ఆ గేటు ఎవ్వడన్న తెరిచిపెట్టి ఫోన్ చూసుకుంట నిలవడితే? పోయిన నెల గంత పెద్ద కుక్క ఒకటి బయటికి ఉరికొచ్చింది. నా బిడ్డ భయపడి రోడ్డు మీదికి ఉరికింది. ఆటో వాడు బ్రేకు కొట్టబట్టి బతికింది. రేపు ఏమన్న అయితే ఎవరు జవాబు చెప్తరు? మీరు చెప్తరా?"

"అందుకే రాసుకుంటున్న" అంది వినీత. అతని మాటలో తప్పు ఆమెకేమీ కనిపించలేదు.

మర్నాడు పశువుల దవాఖానకు పోయి డాక్టర్ శిరీషను కలిసింది. శిరీష వయసులో చిన్నది, మాట సూటిగా ఉంటుంది.

"గొలుసు విప్పినంత మాత్రాన కుక్క చెడిపోదు మేడం. ప్రమాదం వేరే దగ్గర ఉంటది. పెద్ద కుక్కను, చిన్న కుక్కను ఒక్కతాన విడిస్తే పెద్దదానికి ఆట, చిన్నదానికి ప్రాణగండం. తినేటిది ఏదన్న తెస్తే కొట్లాట. గేటు ఒక్కటే ఉంటే ఒకటి లోపటికి వచ్చేటప్పుడు ఇంకోటి బయటికి జారుతది. అన్నిటికంటే పెద్ద ప్రమాదం, రేబిస్ సూదులు పడని కుక్క లోపటికి రావుడు."

"అయితే కట్టేసి ఉంచుడే మంచిదంటరా?"

"అట్ల ఎట్లంట?" అంది శిరీష. "పొద్దంత కట్టేసి ఉంచిన కుక్కకు కోపం పెరుగుతది. ఇంకోటి, కట్టేసినదానికి ఉరికే దారి ఉండదు. మీదికి పిచ్చి కుక్క వచ్చిందనుకోండి. విడిగ ఉన్నదైతే తప్పించుకుంటది. కట్టేసి ఉన్నది ఎటు పోతది?"

వినీత పెన్ను ఆగిపోయింది. శిరీష ఇంకా ఏదో చెబుతోంది కానీ అది ఆమె చెవిన పడలేదు. కాసేపటికి లేచి, పని ఉందని చెప్పి వచ్చేసింది. ఆ సాయంత్రం సొరుగులోని కాగితం తీసి మళ్లీ చదివింది. అప్పుడు కూడా సంతకం పెట్టలేకపోయింది.

ఆదివారం పొద్దున ఆమె మూడోసారి అక్కడికి పోయింది. మబ్బు పట్టి ఉంది, జనం ఎక్కువగా వచ్చారు. నితీష్ అనే కుర్రాడు తన అల్సేషియన్‌ను తెచ్చాడు. దాని పేరు సీజర్. నడుము దాకా వచ్చే కుక్క. వచ్చినంతసేపూ మంచిగానే తిరిగింది. అనసూయమ్మ కొంగున కట్టుకొచ్చిన బిస్కెట్ ఒకటి తీసి పింకికి వేసింది. అది కాస్త దూరంగా పడింది. పింకి, సీజర్ రెండూ ఒకేసారి దాని మీదికి దూకాయి.

పింకి కీచుమంది. దాని నడుము సీజర్ నోట్లో ఉంది. ఎవరైనా కదిలేలోపే అనసూయమ్మ బెంచీ మీది నుంచి లేచి రెండు కుక్కల మధ్యకు చేయి పెట్టింది. నితీష్ పరుగెత్తుకొచ్చి సీజర్ మెడ పట్టి లాగాడు. పింకి బయటపడి బెంచీ కిందికి దూరింది. అంతా అర నిమిషం కూడా పట్టలేదు.

"ఏం కాలే, ఏం కాలే" అంటోంది అనసూయమ్మ. ఆవిడ కుడి చేయి కొంగు కింద ఉంది. "జాలీ గీసుకున్నది, అంతే."

ఆవిడ నిలబడ్డ చోటికి, జాలీకి మధ్య ఇరవై అడుగుల దూరం ఉంది. వినీత పోయి ఆవిడ చేయి పట్టుకుని కొంగులోంచి బయటికి లాగింది. బొటనవేలికి, చూపుడువేలికి మధ్య రెండు లోతైన గాట్లు. నెత్తురు మణికట్టు దాకా కారింది.

"సబ్బు!" అని వినీత అరిచింది. "ఎవరన్న సబ్బు తేండ్రి!"

అంత గట్టిగా ఆమె ఎప్పుడూ అరిచి ఉండదు. అనసూయమ్మను ట్యాంకు పక్కన నల్లా దగ్గరికి దాదాపు ఈడ్చుకుపోయింది. దుకాణంలోంచి నరేందర్ సబ్బు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. వినీత నల్లా విప్పి ఆ చేతిని ధార కింద పెట్టి, గాట్ల లోపలికి నురగ పోయేలా కడగడం మొదలుపెట్టింది.

"చాలమ్మా, మండుతున్నది."

"చాలదు టీచర్. పదిహేను నిమిషాలు కడగాలె."

"మా సీజర్‌కు అన్ని సూదులు అయినయ్ మేడం" అన్నాడు నితీష్. అతని ముఖం పాలిపోయింది.

"కార్డు ఏది?"

"ఇంట్ల ఉన్నట్టున్నది... ఊర్ల ఉన్నదో మరి..."

"దొరికినంక చూద్దాం. డాక్టరమ్మ చెప్పేదాంక కుక్కను ఇంట్లనే పెట్టుకో. పోయి ఆటో తీసుకరా."

నరేందర్ వాచీ చూస్తూ నిమిషాలు లెక్కపెట్టాడు. పదిహేను అయ్యాక అతనే, "అయినయ్ మేడం" అని మెల్లగా చెప్పాడు. అప్పటికి గానీ వినీత నల్లా కట్టలేదు.

దవాఖానలో గాయం చుట్టూ ఒక మందు ఎక్కించి, భుజానికి సూది ఇచ్చారు. మళ్లీ ఏ ఏ రోజుల్లో రావాలో చీటీ మీద రాసిచ్చారు. ఇద్దరూ వరండాలో బల్ల మీద కూర్చున్నారు. పింకిని నరేందర్ దుకాణంలో వదిలి వచ్చారు. నడుము మీద గీతలు తప్ప దానికేమీ కాలేదని అతను ఫోన్ చేసి చెప్పాడు.

"నా వల్ల జాగ వద్దని రాయకమ్మా" అంది అనసూయమ్మ. "తప్పు నాదే. బిస్కెట్ తేవద్దని ఆ పోరలు ఎన్నోసార్లు చెప్పిండ్రు."

"చేయి ఎందుకు దాచిపెట్టిండ్రు టీచర్?"

ఆవిడ కట్టు కట్టిన చేతిని చూసుకుంది. "చెప్తే జాగ బంద్ పెడ్తరని. పింకి మళ్లీ బాల్కనీల పడుతదని. ఒక్క గీతేనాయె, ఇంటికి పోయి పసుపు పెట్టుకుందమనుకున్న. చదువుకున్నదాన్ని, పిల్లలకు చెప్పినదాన్ని, నాకే గట్ల అనిపిచ్చింది చూడు."

వినీత తల వంచుకుంది. ఆమె ఏడుస్తోందని అనసూయమ్మకు తెలియడానికి కొంతసేపు పట్టింది. కట్టు కట్టని చేత్తో ఆమె వీపు నిమిరింది కానీ ఎందుకని అడగలేదు.

వినీత ముప్పై రెండేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి ఇది.

ఆమెకు అప్పుడు పదేళ్లు, వేణుకు పద్నాలుగు. తమ్ముడు నర్సింలు ఇంకా ఉయ్యాలలో ఉన్నాడు. చెరుకు కొట్టే రోజులు. నాయన రాజమల్లు బండి నింపుకుని బోధన్ ఫ్యాక్టరీకి బయలుదేరాడు. అక్కడ బండ్లు వరసలో రెండు రోజులు ఆగేవి. ఆ రెండు రోజులు ఫ్యాక్టరీ ముందు తిరునాళ్లలా ఉంటుందని, బెల్లం జిలేబీ అమ్ముతారని వేణు చెప్పేవాడు. ఆ ఏడాది కూడా వేణును బండి మీద ఎక్కించుకున్నాడు నాయన. వినీత కూడా వస్తానని ఏడ్చింది. ఆడపిల్ల ఎక్కడ పడుకుంటుందని నాయన వద్దన్నాడు. వచ్చేసారి తానే తీసుకుపోతానని వేణు మాట ఇచ్చాడు. ఆమె వినలేదు.

మోతి బండి వెంట రోడ్డెక్కకుండా దాన్ని కొట్టం దగ్గర కట్టేయమని నాయన ఆమెకే చెప్పాడు. బండి కనుమరుగయ్యాక విప్పమన్నాడు. వినీత కట్టేసింది. బండి కనుమరుగైంది. ఆమె విప్పలేదు. మోతి వేణు పెంచుకున్న కుక్క కాబట్టి, అన్న మీద కోపం దాని మీద తీర్చుకుంది. అది మూలుగుతుంటే చెవులు మూసుకుని కొట్టం వెనక కూర్చుంది.

మధ్యాహ్నం ఒక కుక్క తోట గట్టు మీదుగా వచ్చింది. నోటి నుంచి జొల్లు కారుతోంది, నడక తూలుతోంది. మోతి దాన్ని చూసి ఉరకబోయింది. గొలుసు దాన్ని వెనక్కి గుంజింది. ఆ కుక్క దాని మెడ పట్టుకుని విదిలించి, వచ్చిన దారినే పోయింది. వినీత కొట్టం గోడకు అంటుకుపోయి అంతా చూసింది. ఆ తర్వాత పోయి మోతిని విప్పింది. కట్టేసి ఉంచినందుకు తిడతారని ఎవరికీ చెప్పలేదు.

నెలన్నర గడిచాక ఒక పొద్దున రొట్టె పెట్టబోయిన వేణు చేతిని మోతి కరిచింది. కరిచి ఎటో పోయింది. మళ్లీ ఎవరికీ కనిపించలేదు. దాన్ని తిట్టనివ్వలేదు వేణు. "పండ్లు గీసుకున్నయ్ గంతే. అది కావాల్నని కరవలే" అన్నాడు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారంటే వద్దని ఏడ్చాడు. ఇంట్లో ఆకుమందు తాగించారు. వినీత అప్పుడు కూడా నోరు విప్పలేదు. విప్పాలని రెండుసార్లు నాయన దాకా పోయి తిరిగి వచ్చింది. చైత్రంలో వేణుకు జ్వరం వచ్చింది. నీళ్ల చెంబు చూసి వణికిపోయాడు. నిజామాబాద్ దవాఖానకు తెచ్చేసరికి ఇక చేసేదేమీ లేదన్నారు.

అనసూయమ్మను దవాఖానకు తీసుకుపోయిన మర్నాడు వినీత సెలవు పెట్టి బోధన్ బస్సెక్కింది. తమ్ముడు నర్సింలు ఇంట్లో లేడు, వరికి మందు కొట్టడానికి పోయాడు. తల్లి సాయవ్వ ఇంటి ముందు నిరుటి సోయా గింజలు చెరుగుతోంది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ పొలంలో చెరుకు పోయి వరి, సోయా వచ్చాయి.

"గిట్ల చెప్పకుంట అచ్చినవేందే? మంచిగనే ఉన్నరా?" అంది సాయవ్వ.

"మంచిగనే ఉన్నం. పా అవ్వా, పొలం కాడికి పోదాం."

గట్టు మీద ఇద్దరూ కూర్చున్నారు. చుట్టూ పచ్చగా, చదునుగా వరి. ఎంత దూరం చూసినా కుక్క దాక్కునేంత ఎత్తు పైరు ఎక్కడా లేదు.

"అవ్వా, ఆనాడు మోతిని నేను కట్టేసిన."

"ఎర్కనే. మీ బాపు చెప్పిండు గద."

"బండి పోయినంక ఇప్పుమన్నడు. నేను ఇప్పలే. అన్న నన్ను వెంట తీసుకపోలేదని కోపమొచ్చి ఇప్పలే. పిచ్చికుక్క అచ్చి దాన్ని కరిసింది. నేను జూసిన అవ్వా. జూసి చెప్పలే. అన్నను కరిసిననాడు కూడ చెప్పలే. చెప్తే సూదులు ఇప్పిస్తుండిరి."

సాయవ్వ చేతిలో ఉన్న గడ్డిపోచను తుంచుతూ ఉండిపోయింది. ముఖంలో ఆశ్చర్యం లేదు.

"దాని మెడ కాడ గాట్లు నేను గూడ జూసిన."

వినీత తల తిప్పి చూసింది.

"మీ బాపు ఫ్యాక్టరీ కాడికెళ్లి అచ్చిన తెల్లారి. వెంట్రుకలల్ల నెత్తురు ఎండి ఉన్నది. పసుపు పెట్టిన. కంపల ఇరుక్కున్నదేమో అనుకున్న." కాస్త ఆగింది. "అనుకోలే బిడ్డా. గట్ల అనుకుందామనుకున్న. మీ బాపుకు చెప్తే కొట్టి సంపుతుండె దాన్ని. వేణుగాడు తిండి మానేస్తుండె."

"మరి అన్నను కరిసిననాడు?"

"ఆనాడు గూడ నోరు రాలే. సూదులంటే ఆడు కాళ్లు పట్టుకొని ఏడ్సిండు. ఆడు ఏడుస్తుంటే సూడలేకపోయిన. ఆకుమందు తాగిచ్చి, ఏం కాదు ఏం కాదని నాకు నేనే చెప్పుకున్న. నువ్వు పదేండ్ల పోరివి. నేను తల్లిని."

వినీతకు ఒక్క క్షణం తల్లి మీద భరించలేనంత కోపం వచ్చింది. ముప్పై రెండేళ్లు పక్కపక్కన కూర్చుని అన్నం తిన్నారు, పండుగలు చేసుకున్నారు, నాయన పోతే ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఒక్కసారి కూడా ఈ మాట బయటికి రాలేదు. వెంటనే, ఆ మాట తన నోటి నుంచి కూడా రాలేదన్నది గుర్తొచ్చి సిగ్గేసింది.

"బాపుకు తెలుసునా?"

"చెప్పలే. పోయేటప్పుడు చెప్దామనుకున్న. నోరు రాలే." సాయవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఏ పెండ్లికన్న పోతే, ఎవరన్న ఎంతమంది పిల్లలంటే ఇద్దరంటున్న. ముగ్గురనాలని నోటిదాంక అస్తది."

వాళ్లు మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నారు. ఎవరూ ఎవరినీ ఓదార్చలేదు. వేణు ఈతకు పోయి చొక్కా పోగొట్టుకున్న సంగతి సాయవ్వ చెప్పింది. చెరుకు గడ పళ్లతో చీల్చి మెత్తటి ముక్క తనకు ఇచ్చేవాడని వినీత చెప్పింది. ఆ ఇంటివాళ్లు అతని పేరు గట్టిగా పలకడం చాలా ఏళ్ల తర్వాత అదే మొదటిసారి.

పొద్దు వాలకముందే తిరిగి వచ్చి వినీత ఆఫీసులో కూర్చుంది. సొరుగులోని కాగితం చింపి, కొత్త రిపోర్టు మొదలుపెట్టింది. నాలుగు పేజీలు వచ్చింది. పెద్ద కుక్కలకు, చిన్న కుక్కలకు మధ్య జాలీ కట్టాలని రాసింది. ఒకటి మూసుకుంటే తప్ప ఇంకోటి తెరుచుకోకుండా రెండు గేట్లు పెట్టాలని, సూదుల కార్డు చూపనిదే లోపలికి రానివ్వొద్దని, పదేళ్లలోపు పిల్లలు, తినుబండారాలు లోపలికి రాకూడదని రాసింది. నల్లా దగ్గర ఎప్పుడూ సబ్బు ఉండాలంది. వీటితో కూడా ప్రమాదం పూర్తిగా పోదని, కుక్కలు కలిసిన చోట ఎప్పుడో ఒకసారి కాటు పడుతుందని దాచకుండా రాసింది. అయితే ఇప్పుడు కూడా కుక్కలు వస్తూనే ఉన్నాయి, చిల్లుల జాలీలో, గొళ్లెం లేని గేటు వెనక, ఎవరి కంటా పడకుండా కలుస్తున్నాయి, అది ఇంకా పెద్ద ప్రమాదమని చెప్పింది.

చివరి నియమం రాయడానికి ఆమెకు అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది. మనిషికి గానీ, కుక్కకు గానీ కాటు పడితే ఎంత చిన్నదైనా అప్పటికప్పుడు చెప్పాలి. చెప్పినందుకు ఎవరినీ బయటికి పంపకూడదు, జాగ మూయకూడదు. దాచిపెట్టినవారిని మాత్రం మళ్లీ రానివ్వకూడదు. సంతకం పెట్టి, మర్నాడు పై అధికారికి ఇచ్చింది. ఆయన రెండుసార్లు చదివి, "మూడు నెలలు చూద్దాం" అన్నాడు.

దసరా ముందు జాగ తెరిచారు. నితీష్‌కు కార్డు ఊళ్లో దొరికింది. సీజర్‌కు కొట్లాడే గుణం ఉందని శిరీష చెప్పాక అతను దాన్ని అందరూ పోయిన తర్వాత ఒక్కదాన్నే తెచ్చేవాడు. రెండో గేటు బిగించే రోజు నరేందర్ దగ్గరుండి మేస్త్రీతో రెండుసార్లు విప్పించి బిగించాడు. అనసూయమ్మ చీటీలో రాసిన రోజులన్నీ తప్పకుండా పోయి సూదులు వేయించుకుంది. మూడు నెలల్లో రెండు కాట్లు పడ్డాయి. రెండూ నిమిషాల్లో చెప్పారు. ఒక అతను తన కుక్కకు సూదులు వేయించలేదని ఒప్పుకుని ఇంటికి తీసుకుపోయాడు. కొందరికి ఇప్పటికీ ఆ జాగ ఇష్టం లేదు. వాళ్లు ఆ గల్లీలో నడిచేటప్పుడు అవతలి పక్కకు పోతారు.

మాఘంలో సాయవ్వ కంటి పరీక్షకు కంఠేశ్వర్ వచ్చింది. డాక్టరు పదింటికి గానీ రాడు. అంతదాకా ఆ జాగ చూస్తానంది. ఇద్దరూ జాలీ బయట అరుగు మీద కూర్చున్నారు. లోపల ఐదారు కుక్కలు ఒకదాని వెనక ఒకటి తిరుగుతున్నాయి. వాటిలో ఒకటి ఊరకే మలుపులు తిరుగుతూ పరుగెత్తుతుంటే సాయవ్వ కళ్లు చికిలించి చూసింది.

"ఆడు ఉంటే గిప్పుడు ఎన్నేండ్లు ఉంటుండె?"

"నలభై ఆరు."

"నలభై ఆరా!" సాయవ్వ ఆశ్చర్యపోయింది. "వెంట్రుకలు తెల్లవడుతుండెనా?"

"పడుతుండె. నాకే పడ్డయి గద."

"మీ బాపుకు ముందల ఊడిపోయినయ్. గట్లనే ఊడిపోతుండెనేమో" అని సాయవ్వ నవ్వబోయింది. "పెండ్లికి ఎంత సతాయిస్తుండెనో. ఎట్లాంటి పోరి అస్తుండెనో ఇంటికి. నర్సింలు పెండ్లాం లెక్క మెత్తగుండే పోరి ఆనికి సరిపోదు. జర గట్టి పిల్ల గావాలె."

"వరి వేస్తుండెనా, సోయానా?"

"ఏ, ఆడు చెరుకు ఇడిసిపెడుతుండెనా" అంది సాయవ్వ. "ఫ్యాక్టరీ లేకపోతే గానుగ పెట్టుకుంటుండె. మొండోడు."

"బెల్లం వండుతుండె."

"వండుతుండె. నీకు పంపుతుండె. డబ్బ నింపి పంపుతుండె."

లోపలి నుంచి ఎవరో తమ కుక్కను పేరు పెట్టి పిలిచారు. అది వినిపించుకోలేదు. సాయవ్వ జాలీ పట్టుకుని లేచి నిలబడింది. పదవుతోందని, డాక్టరు వచ్చే వేళయిందని ఇద్దరికీ తెలుసు.

"ఇంకో జరసేపు ఉందామే" అంది సాయవ్వ.